పక్కన మనిషి లేకుండా బ్రేకుల్లో గాలి తీయడం: ఏ పద్ధతి ఎవరికి?

కారు బ్రేకు పైపుల్లో చేరిన గాలిని తీయడం ఇద్దరి పని అని అందరూ అంటారు. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ నొక్కాలి, ఇంకొకరు చక్రం పక్కన చతికిలబడి నిపుల్, అంటే గాలి బయటికి వదిలే చిన్న బోల్టు, తిప్పాలి. 'నొక్కు', 'పట్టుకో', 'ఇంకా ఉంచు' అని కేకలు. మా ఇంట్లో ఇద్దరం కలిసి చేసినన్నాళ్లూ ఏదో ఒక చక్రం దగ్గర గొడవే. నిపుల్ చూసి నేను 'వదులైంది' అంటే, లోపలి మనిషికి 'వదులు' అని వినిపించేది. పెడల్ పైకొచ్చేది, గొట్టంలో ఉన్న బుడగ గుటుక్కున క్యాలిపర్‌లోకి (చక్రం దగ్గర బ్రేకు పట్టే భాగంలోకి) వెళ్లిపోయేది. మళ్లీ మొదటికి.

అలా రెండు మూడు సార్లు అయ్యాక ఒక అనుమానం వచ్చింది. ఆ రెండో మనిషి అసలు చేసే పని ఏమిటి? పెడల్ నేనూ నొక్కగలను. నిపుల్ నేనూ తిప్పగలను. ఒంటరిగా చేయలేనిది ఒక్కటే: పెడల్ పైకి లేచేలోపు నిపుల్ మూయడం. మూయకపోతే లేచే పెడల్ బయటికి పోయినదాన్ని వెనక్కి పీల్చుకుంటుంది, నిపుల్ చివర గాలి ఉంటే గాలినే పీల్చుకుంటుంది. ఒంటరిగా చేసేవాళ్ల కోసం వచ్చిన సాధనాలన్నీ ఈ ఒక్క క్షణం కోసమే. కొన్ని వెనక్కి దారి మూసేస్తాయి. కొన్ని వెనక్కి పోయినా గాలి బదులు బ్రేకు ఫ్లూయిడ్ పోయేలా చూస్తాయి. కొన్నింటికి పెడల్‌తో పనే లేదు. ఏది కొనాలి, ఏది అక్కర్లేదు అన్నది ఈ లెక్కన చూస్తే తొందరగా తేలుతుంది.

ఏమీ కొనకముందు

ముందు నాలుగు నిపుళ్లూ కదులుతాయో లేదో చూడండి. క్యాలిపర్ పైభాగంలో, చిన్న రబ్బరు టోపీ పెట్టుకుని ఉండే బోలు బోల్టే నిపుల్. ఏళ్ల తరబడి ముట్టుకోకపోతే తుప్పుతో అంటుకుపోతుంది. గట్టిగా లాగితే మెడ దగ్గర పుటుక్కున విరుగుతుంది, అప్పుడిక పని గాలి తీయడం కాదు, క్యాలిపర్ విప్పడం. అందుకే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి నానబెట్టాలి. ఓపెన్ పానా వద్దు. ఆరు మూలల సాకెట్‌తో పట్టుకుని, సుత్తితో తేలిగ్గా రెండు దెబ్బలు వేసి, కొద్దిగా కదిలించాలి. 'టిక్' అని వదిలిన చప్పుడు వినగానే తిరిగి బిగించేయాలి. నాలుగూ అలా పలికాకే మిగతా సంగతి. ఒక్కటి మొండికేసినా పని వాయిదా వేసుకోవచ్చు, ఎందుకంటే ఇంకా ఏమీ విప్పలేదు, బ్రేకులు బాగా పడుతూంటే కారు నడుపుకుంటూ మెకానిక్ దగ్గరికి వెళ్లగలరు.

రెండోది, మీ కారు ఈ పనికి ఒప్పుకునే రకమేనా అన్నది. ప్రియస్ లాంటి హైబ్రిడ్లలో బ్రేకు ఒత్తిడిని పంపు, వాల్వులు, కంప్యూటర్ కలిసి నడుపుతాయి. వాటికి స్కాన్ టూల్ (కారు కంప్యూటర్‌కి ఆదేశాలిచ్చే సాధనం) తగిలించి, తయారీదారు చెప్పిన వరుసలోనే గాలి తీయాలి. కింద చెప్పేదేదీ వాటికి కాదు. మామూలు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కార్లకు ఇబ్బంది లేదు, ఫ్లూయిడ్ మార్చడానికైతే మామూలు పద్ధతులే చాలు. అయితే ఇంజిన్ గదిలో ఫ్లూయిడ్ నిల్వ ఉండే డబ్బా పూర్తిగా ఖాళీ అయి గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి దూరితే మాత్రం, లోపలి వాల్వులు తెరుచుకుంటే తప్ప అది బయటికి రాదు. చాలా కార్లలో దానికీ స్కాన్ టూల్ కావాలి. కాబట్టి ఏ పద్ధతి ఎంచుకున్నా ఒంటరిగా చేసేవాడికి అసలు ప్రమాదం పైన డబ్బా ఎండిపోవడమే. చక్రం దగ్గర కూర్చుంటే డబ్బా కనబడదు కదా.

మూడోది, మీకు కావలసింది ఏమిటి? పాత ఫ్లూయిడ్ తీసి కొత్తది ఎక్కించడమా, క్యాలిపరో గొట్టమో మార్చినందువల్ల చేరిన గాలిని తీయడమా, లేక ఏమీ విప్పకుండానే మెత్తబడిన పెడల్‌ని బాగుచేయడమా? మూడూ ఒకటిలాగే కనిపిస్తాయి గానీ మూడింటికీ సరిపోయే పద్ధతులు వేరు. మూడోదానికి అసలు గాలే కారణం కాకపోవచ్చు కూడా. ఆ సంగతి తర్వాత.

సీసా, గొట్టం

అన్నిటికంటే పాతది, ఖర్చు లేనిది. నిపుల్‌కి బిగుతుగా పట్టే పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండో కొసను కొంచెం ఫ్లూయిడ్ పోసిన సీసాలో ముంచుతారు. వెనక్కి పీల్చినా గాలి బదులు ఫ్లూయిడే పోతుందని ధైర్యం. ఇక్కడ చాలామంది చేసే తప్పు సీసాను నేలమీద పెట్టడం. స్ప్రింగుకో స్ట్రట్‌కో కట్టి, నిపుల్ కంటే ఎత్తులో వేలాడదీయాలి. గొట్టం నిపుల్ నుంచి నేరుగా పైకి లేవాలి. అప్పుడు బయటికొచ్చిన బుడగ పైకే పోతుంది, నిపుల్ దగ్గర ఎప్పుడూ ఫ్లూయిడే నిలిచి ఉంటుంది. సీసా కింద ఉంటే బుడగ గొట్టం మధ్యలో ఆగి, పెడల్ వదిలినప్పుడల్లా ముందుకీ వెనక్కీ ఊగుతూ కూర్చుంటుంది.

నిపుల్ పావు చుట్టు వదులు చేసి, పెడల్ నిదానంగా నొక్కి, అంతకంటే నిదానంగా వదలాలి. నిదానంగా ఎందుకంటే, పెడల్ పైకి లేచేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ నొక్కితే ఫ్లూయిడ్‌ని పైపుల్లోకి నెట్టే భాగానికి) ఫ్లూయిడ్ రెండు దారుల్లో రావచ్చు: పైనున్న డబ్బా నుంచి, లేదా చక్రం వైపు నుంచి. నెమ్మదిగా వదిలితే డబ్బా నుంచి దిగే వ్యవధి ఉంటుంది. గబగబా తొక్కితే చక్రం వైపు నుంచి లాగుతుంది, పైగా ఫ్లూయిడ్‌లో ఉన్న గాలి సన్నటి నురగగా విడిపోతుంది, దాన్ని తీయడం ఇంకా కష్టం.

మొదటిసారి చేసేవాళ్లు ఇక్కడే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. డబ్బు మిగులుతుందని కాదు. బుడగ ఎలా ఉంటుందో, పాత ఫ్లూయిడ్ టీ రంగు నుంచి తేనె రంగుకి ఎలా మారుతుందో కంటితో చూడటం ఇందులో నేర్చుకున్నట్టు ఇంకెందులోనూ నేర్చుకోలేం.

వన్-వే వాల్వు

అదే గొట్టంలో చిన్న వాల్వు ఉంటుంది. ఒక వైపే పోనిస్తుంది. సీసా ఎత్తు గురించి అంత పట్టింపు అక్కర్లేదు. అయితే వాల్వులో ఇసుక రేణువంత మడ్డి ఇరుక్కున్నా అది వాల్వు కాకుండా పోతుంది, ఆ సంగతి బయటికి తెలియదు. అందుకే దీన్ని వాడినా సీసాను ఎత్తులోనే కడతాను. అలవాటైపోయింది.

ఇదే ఆలోచనను నిపుల్‌లోనే పెట్టినవి స్పీడ్ బ్లీడర్లు. పాత నిపుల్ విప్పేసి, లోపల స్ప్రింగూ చిన్న గోళీ ఉన్న నిపుల్ బిగిస్తారు. నిపుల్ మరల (థ్రెడ్ల) మీద సీలెంటు పూత ఉంటుంది కాబట్టి మరల పక్క నుంచి కూడా గాలి రాదు. పావు చుట్టు వదులు చేసి, సీట్లోకి వెళ్లి తొక్కి, వచ్చి బిగించడమే. బిగించాక మామూలు నిపుల్‌లాగే దాని కొనే సీల్ అవుతుంది కాబట్టి, గోళీ పాడైనంత మాత్రాన బ్రేకు కారదు. ఏటా ఒకే కారుకి ఈ పని చేసేవాళ్లకి ఇవి నచ్చుతాయి. ఇబ్బంది రెండు చోట్ల: మర కొలత కారు కారుకీ మారుతుంది, కొన్నిసార్లు ముందు వెనక చక్రాలకే వేరుగా ఉంటుంది. వాడే కొద్దీ ఆ పూత అరిగిపోతుంది, మళ్లీ పూయాలి. రెండు మూడు కార్లు ఉన్నవాళ్లకు ఇది ఖర్చే తప్ప లాభం లేదు.

పెడల్ తొక్కే పద్ధతులన్నిటికీ ఒక హెచ్చరిక. మామూలుగా నడిపేటప్పుడు పెడల్ సగం దాకా కూడా దిగదు. నిపుల్ తెరిచి తొక్కితే నేల దాకా దిగుతుంది. పాత కారు మాస్టర్ సిలిండర్‌లో ఎన్నడూ పిస్టన్ తిరగని ఆ చివరి భాగంలో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటుంది. రబ్బరు సీలు దాని మీద రాసుకుని చిరిగితే, నిన్నటిదాకా బాగున్న పెడల్ ఈరోజు నుంచి మెల్లగా కిందికి జారడం మొదలుపెడుతుంది. అందుకని పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టి, పూర్తిగా దిగకుండా ఆపాలి. కాస్త ఎక్కువసార్లు తొక్కాల్సి వస్తుంది, అంతే.

వాక్యూమ్ పంపు

దీంతో పెడల్ దగ్గరికే వెళ్లక్కర్లేదు. నిపుల్‌కి గొట్టం తగిలించి, చేత్తో పంపు కొట్టి ఫ్లూయిడ్‌ని కిందికి లాగుతాం. కంప్రెసర్ ఉంటే దాంతో నడిచేవీ ఉన్నాయి. వినడానికి ఇంతకంటే సుఖం లేదు. నేను మొదట డబ్బు పెట్టి కొన్నది ఇదే.

మొదటి చక్రం దగ్గర గంటసేపు కూర్చున్నాను. గొట్టంలో బుడగలు ఆగవు. సోడా సీసా తెరిచినట్టు, సన్నగా, ఒకే వరుసలో వస్తూనే ఉన్నాయి. ఈ పైపులో ఇంత గాలి ఎక్కడిది అని టెన్షన్. ఫ్లూయిడ్ సీసా సగం అయిపోయింది. చివరికి విసుగొచ్చి నిపుల్‌ని కొంచెం బిగించి చూశాను, బుడగలు పెరిగాయి. అప్పుడు అర్థమైంది. అది పైపులోని గాలి కాదు. వదులైన నిపుల్ మరల సందులోంచి బయటి గాలి లోపలికి వస్తోంది. వాక్యూమ్‌కి ఏ దారి సులువైతే అదే దారి, క్యాలిపర్ నుంచి ఫ్లూయిడ్‌ని లాగడం కంటే మర సందులోంచి గాలిని పీల్చడం దానికి తేలిక.

నిపుల్ మొదట్లో, మరల చుట్టూ బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు దట్టంగా పూస్తే ఇది చాలావరకు తగ్గుతుంది. టెఫ్లాన్ టేపు చుట్టేవాళ్లూ ఉన్నారు. చుడితే పై మరలకు మాత్రమే చుట్టాలి, కొన దగ్గరికి వెళ్లి ముక్క తెగిందంటే క్యాలిపర్‌లో పడుతుంది. ఎంత చేసినా వాక్యూమ్ పద్ధతిలో బుడగలు ఆగాయా లేదా అన్నదాన్ని బట్టి పని అయిందని చెప్పలేం. కన్ను మోసపోతుంది. నా దృష్టిలో ఇదే దీని పెద్ద లోపం.

అలాగని పంపు వృథా కాదు. క్యాలిపర్, గొట్టం మార్చాక ఖాళీగా ఉన్న లైనులోకి ఫ్లూయిడ్‌ని త్వరగా దించడానికి బాగా పనికొస్తుంది. డబ్బాలోని పాత నల్లటి ఫ్లూయిడ్‌ని ముందే పీల్చేయడానికి కూడా. ఆఖరి బుడగ తీసే పని మాత్రం ఇంకో పద్ధతికి వదిలేయాలి.

ప్రెషర్ బ్లీడర్

ఇది పై నుంచి నెట్టేది. తోటలో మందు కొట్టే పంపులాంటి ట్యాంకులో కొత్త ఫ్లూయిడ్ పోసి, దాని మూతను బ్రేకు డబ్బా మీద బిగించి, చేత్తో పంపు కొడితే ఫ్లూయిడ్ ఒత్తిడితో దిగుతుంది. మీరు చక్రం చక్రానికి వెళ్లి నిపుల్ తెరిచి మూయడమే. వెనక్కి పీల్చే ప్రశ్నే లేదు, ఒత్తిడి ఎప్పుడూ బయటికే. మరల సందులోంచి కారితే ఫ్లూయిడ్ కారుతుందే తప్ప గాలి లోపలికి రాదు, కాబట్టి గొట్టంలో కనిపించే బుడగ నిజమైన బుడగే. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు డబ్బా ఎండుతుందన్న భయం కూడా లేదు. ఒంటరి మనిషికి ఉండే రెండు తలనొప్పులూ ఒకేసారి పోతాయి.

10 నుంచి 15 పీఎస్ఐ చాలు. గేజీలో ఇంకా ఖాళీ ఉంది కదా అని పెంచకూడదు. ఆ డబ్బా ప్లాస్టిక్‌ది, ఒత్తిడి కోసం చేసింది కాదు.

దీని గొడవంతా మూత దగ్గరే. డబ్బా మెడకి సరిగ్గా పట్టే మూత దొరికితే స్వర్గం. అన్ని కార్లకూ సరిపోతుందని చెప్పి గొలుసుతో బిగించే పలక రకం అమ్ముతారు, అది ఒక మూల లేచిందంటే ఫ్లూయిడ్ ఇంజిన్ గదంతా చిమ్ముతుంది, మడ్‌గార్డ్ రంగు మీద పడితే రంగు ఉబ్బి లేచిపోతుంది. కాబట్టి మొదట ట్యాంకులో ఏమీ పోయకుండా ఉత్త గాలితో ఒత్తిడి ఎక్కించి, ఐదు నిమిషాలు గేజీ ముల్లు కదలకుండా ఉందో లేదో చూడాలి. ఆ తర్వాతే ఫ్లూయిడ్. పని అయ్యాక ట్యాంకు మూత మెల్లగా తిప్పి ఒత్తిడి వదిలాకే డబ్బా మీది మూత విప్పాలి, ఈ వరుస మరచిపోతే చొక్కా సంగతి మరచిపోవాల్సిందే.

ఊరికే వదిలేయడం, కింది నుంచి ఎక్కించడం

నిపుల్ తెరిచి, డబ్బా మూత వదులు చేసి, బరువుకి అదే కారనివ్వడం ఒక పద్ధతి. ఏ సాధనమూ అక్కర్లేదు, మాస్టర్ సిలిండర్‌కి ఏ హానీ లేదు. ఒక్కో చక్రానికి పావుగంట, అరగంట పడుతుంది. ధార సన్నగా ఉంటుంది కాబట్టి పైపు వంపుల్లో ఇరుక్కున్న బుడగలను నెట్టే బలం దానికి ఉండదు. ఒక క్యాలిపర్ మార్చినప్పుడు మొదటి గాలి పోవడానికి ఇది హాయిగా సరిపోతుంది. ఆ తర్వాత పది పన్నెండు సార్లు పెడల్‌తో ముగించాలి.

సిరంజితో కింది నుంచి పైకి ఎక్కించడం టూవీలర్లలో, క్లచ్ లైన్లలో బాగా పనిచేస్తుంది, గాలి ఎటూ పైకే పోవాలనుకుంటుంది కదా. కారు బ్రేకుల్లో మాత్రం క్యాలిపర్‌లో పేరుకున్న మడ్డిని ఏబీఎస్ యూనిట్‌లోకి, మాస్టర్‌లోకి మనమే నెట్టినట్టవుతుంది. ముందు పాతదంతా కడిగేశాక మొండి బుడగ కోసమైతే సరే. మొదటి పద్ధతిగా వద్దు.

రాత్రంతా పెడల్‌కి కర్ర ఆనించి ఉంచితే తెల్లారేసరికి గట్టిపడుతుందని చెప్పేవాళ్లు ఉంటారు. కొన్నిసార్లు నిజంగానే తేడా కనిపిస్తుంది. బ్రేకు లైటు కూడా రాత్రంతా వెలుగుతుంది, పొద్దున్న బ్యాటరీ పడిపోతుంది. లైటు ఫ్యూజు తీసి చేయండి, లేదా చేయకండి.

మరి ఏది?

ఏడాదికో రెండేళ్లకో ఫ్లూయిడ్ మార్చుకుంటూ ఉండేవాళ్లు, మీ కారుకి సరైన మూత దొరికితే ప్రెషర్ బ్లీడర్ కొనండి. రెండో ఆలోచన వద్దు. కారుకి పదేళ్లు దాటి, ఫ్లూయిడ్ నల్లగా ఉంటే ఇంకా ముఖ్యం, మాస్టర్‌ని కదపకుండా పని జరుగుతుంది. ఇది ఒక్కసారి పని, మళ్లీ చేస్తారో లేదో తెలియదు అంటే వన్-వే గొట్టం, ఎత్తులో సీసా, పెడల్ కింద చెక్కముక్క. అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఒకే చక్రం విప్పినవాళ్లకి ముందు బరువుకి కారనివ్వడం, తర్వాత పెడల్. వాక్యూమ్ పంపు ఇప్పటికే ఉంటే వాడండి, దీనికోసమే కొత్తగా కొనొద్దు. మాస్టర్ సిలిండర్ మార్చినవాళ్లు దాన్ని కారుకి బిగించకముందే బల్ల మీద గాలి తీయాలి, ఆ పని చేయకపోతే కింద నాలుగు చక్రాల దగ్గర ఏ సాధనం వాడినా పెడల్ గట్టిపడటం కష్టం.

ఇక ఏమీ విప్పకుండానే పెడల్ మెత్తబడినవాళ్లు సాధనం కొనే ముందు వేరేవి చూడాలి. పెడల్ మీద కాలు ఉంచితే మెల్లగా దిగుతూ పోతోందా? ఎక్కడో కారుతోంది, లేదా మాస్టర్ లోపలి సీలు పోయింది. వెనక డ్రమ్ము బ్రేకులుంటే వాటి లోపలి షూలు అడ్జస్ట్ అయ్యాయా? పాత రబ్బరు గొట్టం బ్రేకు వేసినప్పుడు ఉబ్బుతోందా? ఎవరైనా ఈమధ్య క్యాలిపర్లు విప్పి, ఎడమది కుడికి, కుడిది ఎడమకి బిగించారా? అలా బిగిస్తే నిపుల్ కిందికి వస్తుంది, గాలి పైన చిక్కుకుంటుంది. ఎన్ని లీటర్లు పోసినా రాదు. నవ్వులాటగా ఉంటుంది గానీ జరుగుతూనే ఉంటుంది.

పద్ధతి ఏదైనా మారనివి

కారు జాకీ మీద ఉండగా కింద చెయ్యి పెట్టొద్దు, స్టాండ్ల మీదికి దించాకే. నేల మీద ఉన్న చక్రాలకు అడ్డు పెట్టాలి. ఏ చక్రంతో మొదలుపెట్టాలో మాన్యువల్ చూడండి. దూరపు చక్రం ముందు అన్నది సాధారణ నియమమే తప్ప అందరికీ వర్తించదు.

ఫ్లూయిడ్ ఏది పోయాలో డబ్బా మూత మీదే రాసి ఉంటుంది. బ్రేక్ ఆయిల్ అని అలవాటుగా అంటాం గానీ అది ఆయిల్ కాదు, నిజంగా ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లన్నీ ఉబ్బిపోతాయి. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 గ్లైకాల్ రకాలు, గాలిలోని తేమను పీల్చుకుంటాయి. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక అది 155కి పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ వరసగా బ్రేకు వేస్తే ఆ తేడా తెలుస్తుంది. అందుకే కిందటేడు తెరిచిన సీసా వాడకూడదు. సీసాలోకి వచ్చిన పాతది ఎంత శుభ్రంగా కనిపించినా తిరిగి డబ్బాలో పోయకూడదు. డాట్ 5 సిలికాన్‌ది, పేరు దగ్గరగా ఉందని 5.1 బదులు పోయొద్దు. రంగు మీద చుక్క పడితే గుడ్డతో రుద్దకుండా వెంటనే నీళ్లు పోయాలి.

పెడల్ పద్ధతిలో చేస్తుంటే ప్రతి ఐదారు తొక్కుళ్లకీ లేచి వెళ్లి డబ్బా చూడాలి. నేనైతే ఫోన్‌ని డబ్బా ఎదురుగా నిలబెట్టి, వీడియో కాల్ పెట్టి, పాత ఫోన్‌లో చూస్తూ కూర్చుంటాను. ఇంట్లోవాళ్లు నవ్వారు, నవ్వనీ. అప్పటి నుంచి డబ్బా ఒక్కసారి కూడా ఎండలేదు.

నాలుగు చక్రాలూ అయ్యాక ఇంజిన్ ఆపి ఉండగానే పెడల్ నాలుగైదు సార్లు తొక్కి, గట్టిగా నొక్కి అర నిమిషం పట్టుకోవాలి. రాయిలా నిలబడాలి. అలాగే నొక్కి ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం దిగి ఆగుతుంది, అది బూస్టర్ (కాలి బలానికి ఇంజిన్ సాయంతో బలం కలిపే భాగం) పని, కంగారు అక్కర్లేదు. ఆగకుండా దిగుతూ పోతే మాత్రం కారు కదపొద్దు. తర్వాత ఖాళీ స్థలంలో నడక వేగంతో రెండు మూడు సార్లు ఆపి చూసి, తిరిగొచ్చి ప్రతి నిపుల్ చుట్టూ పొడి కాగితం ముక్క ఒత్తి తడి ఉందేమో చూసి, రబ్బరు టోపీలు పెట్టేయండి.